ఎనిమిది వందల పేజీల ‘అన్నా కరేనినా’: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: సినిమా చూశాను, కథ తెలుసు. అన్నా చివరికి రైలు కింద పడుతుందని తెలిసిపోయాక అంత లావు పుస్తకం చదవడం దేనికి?
— ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ముగింపును దాచాలని టాల్‌స్టాయే అనుకోలేదు. మొదటి భాగం 18వ అధ్యాయంలో అన్నా మాస్కో స్టేషన్లో దిగుతుంది. అదే అధ్యాయంలో కాపలావాడొకడు రైలు కింద పడి చనిపోతాడు. ఇది అపశకునమని ఆమే అంటుంది. కాబట్టి ‘ఏం జరుగుతుంది’ అనే ఉత్కంఠ మీద నడిచే నవల కాదిది. మనుషుల గురించి మనం ఏర్పరచుకున్న అభిప్రాయాన్ని తిరగేస్తుంది, మళ్లీ తిరగేస్తుంది. దానికి పేజీలు కావాలి.

అన్నా భర్త కరేనిన్నే చూడండి. మాస్కో నుంచి తిరిగొచ్చిన అన్నాకి పీటర్స్‌బర్గ్ స్టేషన్లో మొదట కనబడేవి ఆయన చెవులు. ఈ చెవులు ఇలా ఎందుకున్నాయి అనుకుంటుంది. తర్వాత వేళ్లు విరుచుకునే అలవాటు. ఈ రెండింటితోనే మనకూ ఆయనంటే ఏవగింపు పుడుతుంది. నాలుగో భాగం 17వ అధ్యాయంలో, ప్రియుడు వ్రాన్‌స్కీ బిడ్డను కని జ్వరంతో చావుబతుకుల్లో ఉన్న అన్నా దగ్గరికి ఆయన వస్తాడు. ఈమె పోతే పీడ విరగడవుతుందన్న ఆలోచన దారి పొడుగునా ఆయన్ని వదల్లేదు. మంచం దగ్గరికి వచ్చాక ఆమెనూ వ్రాన్‌స్కీనీ కూడా క్షమిస్తాడు. రెండు అధ్యాయాల తర్వాత, తనది కాని ఆ పసిపిల్ల దగ్గర అరగంట సేపు మాటా పలుకూ లేకుండా కూర్చుని ముఖం చూస్తూ ఉంటాడు. పిల్ల ఏడుస్తుంటే, దాదికి పాలు చాలడం లేదేమోనని ఆరా తీసేది ఆ ఇంట్లో ఆయనొక్కడే. ఇన్ని వందల పేజీలు ఏవగించుకున్న మనిషి ఎదుట తల దించుకుంటాం. కథ అక్కడితో ఆగదు. ఐదో భాగంలో ఒక భక్తురాలి చేతిలో పడి, కన్నకొడుకును కూడా అన్నాకి చూపించనంటాడు. ఏడో భాగంలో నిద్రలో జోస్యం చెప్పే ఒక ఫ్రెంచివాడి మాట పట్టుకుని విడాకులు నిరాకరిస్తాడు. చివరి భాగంలో, వ్రాన్‌స్కీ తల్లి మాటల్లో పక్కగా తెలుస్తుంది: ఆ పసిపిల్ల ఇప్పుడు కరేనిన్ దగ్గరే పెరుగుతోంది. ఇంతకీ మంచివాడా, చెడ్డవాడా? రెండు గంటల సినిమాకి ఈ మలుపులన్నీ పట్టవు.

సారాంశాలు వదిలేసే ఇంకో చోటు ఆరో భాగం, 4, 5 అధ్యాయాలు. నడివయసు పండితుడు సెర్గేయ్ ఇవానోవిచ్, వారెన్కా అనే అమ్మాయిని పెళ్లికి అడుగుదామని పుట్టగొడుగులు ఏరే వంకతో అడవిలోకి వస్తాడు. అడగాల్సిన మాటలు మనసులో వల్లె వేసుకుంటాడు. ఆమెకూ తెలుసు, గుండె దడదడలాడుతోంది. కంగారులో ఆమె పుట్టగొడుగుల ప్రస్తావన తెస్తుంది. ఆయన నోట తీరా వచ్చిన ప్రశ్న: తెల్ల పుట్టగొడుక్కీ బర్చ్ పుట్టగొడుక్కీ తేడా ఏమిటి? గొడుగులో పెద్ద తేడా లేదు, కాడలో ఉంది అంటుంది ఆమె, పెదవులు వణుకుతుండగా. ఆ కాడ రెండ్రోజులుగా గీయని గడ్డంలా ఉంటుందని ఆయన అంటాడు. అంతే, అయిపోయింది. ఆ మాట ఇక ఎప్పటికీ రాదని ఇద్దరికీ తెలిసిపోతుంది. కథను ఒక్క అంగుళం కూడా ముందుకు నడపని రెండు అధ్యాయాలివి. పుస్తకం మొత్తానికీ గొప్ప ఘట్టాల్లో ఒకటి.

ప్రశ్న: ఒక మనిషికి నాలుగు పేర్లు! యాభయ్యో పేజీకే ఎవరెవరో తెలియక పుస్తకం మూసేశాను.
— ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: రష్యన్ పేరులో మూడు ముక్కలుంటాయి: సొంత పేరు, తండ్రి పేరు, ఇంటిపేరు. మర్యాదగా పిలవాలంటే మొదటి రెండూ కలిపి పిలుస్తారు. ఇంట్లోవాళ్లకి ముద్దుపేరు. మగవాళ్లకి తండ్రి పేరు చివర ‘ఒవిచ్’, ‘ఎవిచ్’ చేరుతుంది. ఆడవాళ్లకి ‘ఒవ్నా’, ‘ఎవ్నా’. ఈ మధ్య ముక్కే మీకు తాళంచెవి. అన్నా అర్కాద్యెవ్నా, స్తెపాన్ అర్కాద్యెవిచ్: ఇద్దరి తండ్రీ అర్కాది, అంటే అన్నాచెల్లెళ్లు. ఈ స్తెపానే స్తీవా. నవలలో రెండో ప్రధాన పాత్ర, పల్లెటూరి భూస్వామి లేవిన్ కాన్‌స్తాంతిన్ ద్మీత్రియెవిచ్, ఆయన అన్న సెర్గేయ్ ఇవానోవిచ్: మధ్య ముక్క వేరు, ఇంటిపేరూ వేరు. తల్లి ఒకటే, తండ్రులు వేరు.

జారిపడే చోట్లు రెండున్నాయి. స్తీవా భార్య డాలీ (దార్యా అలెక్సాంద్రొవ్నా), ఆమె చెల్లెలు కిట్టీ (ఎకతెరీనా అలెక్సాంద్రొవ్నా), అన్నా భర్త అలెక్సేయ్ అలెక్సాంద్రొవిచ్: ముగ్గురి మధ్య ముక్కా ఒకటే గానీ, కరేనిన్‌కి ఆ అక్కచెల్లెళ్లతో రక్తసంబంధం లేదు. ఆ అలెక్సాందర్ వేరు. రెండోది, అన్నా భర్తా అలెక్సేయే, ప్రియుడు వ్రాన్‌స్కీ కూడా అలెక్సేయే. ఇది రచయిత పొరపాటు కాదు. జ్వరంలో అన్నా, ఇద్దరూ అలెక్సేయ్‌లే కావడం ఎంత ఘోరం అని కలవరిస్తుంది.

పుస్తకం మొదటి ఖాళీ పేజీలో పెన్సిల్‌తో ఐదు ఇళ్లు గీయండి: ఒబ్లాన్‌స్కీ, షెర్బాత్‌స్కీ, కరేనిన్, వ్రాన్‌స్కీ, లేవిన్. ఒక్కో ఇంటికి మూడు నాలుగు పేర్లు, పక్కనే ముద్దుపేరు. మొత్తం పదిహేను దాటవు. విందుల్లో ఒకసారి కనిపించి పోయే కౌంటెస్‌లనూ ప్రిన్స్‌లనూ గుర్తుపెట్టుకోనక్కర్లేదు.

ప్రశ్న: లేవిన్ వ్యవసాయం, ఎన్నికలు దాటేసి అన్నా కథ ఒక్కటీ చదివితే తప్పా?
— ఒక పాఠకుడు, ఆదిలాబాద్

జవాబు: ఎన్నికలకి మినహాయింపు ఇస్తాం. ఆరో భాగం 26 నుంచి 31 వరకు, ప్రాంతీయ ప్రభువర్గం వాళ్ల ముఠా తగాదాలు. వేగంగా తిరగేయండి. ఓటు గోళీ ఎటు వేయాలో తెలియక లేవిన్ పైకే అడిగేసి నవ్వులపాలయ్యే చోట మాత్రం ఆగండి.

వ్యవసాయం దాటేయకండి. రెండో భాగంలో స్తీవా భార్య తాలూకు అడవిని ర్యాబినిన్ అనే వ్యాపారికి 38,000 రూబుళ్లకి అమ్ముతాడు. 8,000 రొక్కం, మిగతాది ఆరేళ్ల వాయిదాలు. చెట్లు లెక్కపెట్టావా అని లేవిన్ నిలదీస్తాడు. దెస్యాతినాకి (సుమారు 2.7 ఎకరాలు) 500 రొక్కంగా పలికే అడవి అది; ర్యాబినిన్ ఇస్తున్నది 200, అదీ వాయిదాల మీద. 1861లో రష్యాలో అర్ధబానిసల (భూస్వాముల కింద కట్టుబడి ఉన్న రైతుల) విముక్తి తర్వాత ప్రభువుల ఆస్తులు ఎలా కరిగిపోయాయో ఈ ఒక్క బేరంలో ఉంది. డాలీ ఇంట్లో పిల్లల బట్టలకి డబ్బెందుకు చాలదో తర్వాత అర్థమయ్యేదీ దీనివల్లే.

మూడో భాగం 4, 5 అధ్యాయాల్లో లేవిన్ 42 మంది రైతులతో గడ్డి కోస్తాడు. పొడుగు పిడి కొడవలి, నిలబడి ఊపుతూ కోసేది. పిడి ఎత్తుగా అమరింది, చూడు ఎలా వంగుతున్నాడో అని వెనక నుంచి ఎవరో అంటారు. చేస్తున్న పని గురించి ఆలోచించినంతసేపూ వరస వంకర పోతుంది; ఆలోచన ఆగినప్పుడు కొడవలి తనంతట తానే కోసుకుపోతుంది. పక్కన కోస్తున్న ఓ ముసలాయన రేకు డబ్బాతో ముంచి ఇచ్చిన ఏటినీళ్లలో గడ్డి పరకలు తేలుతుంటాయి, తుప్పు రుచి తగులుతుంది. అంత మంచి పానీయం ఎన్నడూ తాగలేదనుకుంటాడు లేవిన్. ఈ అధ్యాయాలు మెల్లగా చదవాలి. హడావిడిగా చదివితే గడ్డి కోత తప్ప ఏమీ కనబడదు.

ప్రశ్న: తెలుగులోనా, ఇంగ్లీషులోనా? నా ప్రతి పూర్తిదో కాదో ఎలా తెలుస్తుంది?
— ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: పూర్తి నవలలో 8 భాగాలు, 239 అధ్యాయాలు, చివరి భాగంలో 19. అన్నా మరణంతో మీ పుస్తకం ముగిసిపోతే అది సంక్షిప్తం. పత్రికలో ధారావాహికగా వస్తున్నప్పుడే (1875–77) ఈ ఎనిమిదో భాగానికి గండం వచ్చింది. సెర్బియా యుద్ధానికి వెళ్లే వాలంటీర్ల మీద టాల్‌స్టాయ్ రాసింది సంపాదకుడు కత్కోవ్‌కి నచ్చక వేయనన్నాడు. రచయితే విడిగా అచ్చు వేసుకున్నాడు.

ఇంగ్లీషులో గార్నెట్ అనువాదం (1901) నెట్లో ఉచితంగా దొరుకుతుంది, చదవడానికి హాయిగానే ఉంటుంది. పూర్తి తెలుగు ప్రతి దొరికితే అదే పట్టుకోండి; అబిడ్స్ ఆదివారం పాత పుస్తకాల బజారులో ఓ కన్నేసి ఉంచండి. రష్యన్లో మనలాగే నువ్వు, మీరు ఉన్నాయి. భార్య సంగతి బయటపడ్డాక కరేనిన్ ఆమెకి ఫ్రెంచిలో ఉత్తరం రాస్తాడు, ఎందుకంటే రష్యన్ ‘మీరు’లో ఉన్నంత చల్లదనం ఫ్రెంచి ‘మీరు’లో ఉండదు. ఇంగ్లీషు పాఠకుడికి ఇది విడమరిచి చెప్పాలి, మనకక్కర్లేదు.

ఏ ప్రతి అయినా ముందుమాటను నవల పూర్తయ్యాకే చదవండి.

ప్రశ్న: ఉద్యోగం, పిల్లలు. ఎన్నాళ్లు పడుతుంది?
— ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: అధ్యాయాలు పొట్టివి, చాలావాటికి పావుగంట చాలు. రోజుకి రెండు చొప్పున నాలుగు నెలలు. సెలవు రోజున పది చదివేసి తర్వాత వారం ముట్టకపోవడమే అసలు ప్రమాదం. పేర్లు జారిపోతాయి, ఎక్కడున్నామో తెలియక ఆపేస్తారు. విరామం వస్తే వెనక్కి వెళ్లి చివరగా చదివిన ఒక్క అధ్యాయం మళ్లీ చదవండి, మొదటికి వెళ్లకండి. మూడో భాగం దాటినవాళ్లు సాధారణంగా ఆపరు.

ఏడో భాగం 23 నుంచి 31 వరకు తొమ్మిది అధ్యాయాలను మాత్రం రెండేసి చొప్పున విడగొట్టకండి. అన్నా మనసు గంటగంటకూ తెగిపోయే భాగమది. ఒక ఆదివారం మధ్యాహ్నం ఖాళీ చేసుకుని ఏకబిగిన చదవండి. ఆ రోజే ఎనిమిదో భాగం మొదలుపెట్టకండి.