అంబాసిడర్‌లో 1800 ఇంజిన్: ముందు బ్రేకుల సంగతి చూడండి

మీ తాతగారి 1982 అంబాసిడర్‌కు పికప్ లేదు, పెద్ద ఇంజిన్ వేయించొచ్చా, ఈ కాలపు డీజిల్ ఇంజిన్ అయితే బాగుంటుందా అని అడిగారు. మా నాయన బండికి నల్లగొండలోనే ఈ పని చేయించాను కాబట్టి చెప్తున్నా.

వేయించొచ్చు, కానీ జపాన్ కంపెనీ ఇసుజు వారి 1800 పెట్రోల్ ఇంజినే తీసుకోండి. 1990ల మొదట్లో అంబాసిడర్ తయారుచేసిన హిందుస్తాన్ మోటార్స్ కంపెనీయే దాన్ని అంబాసిడర్‌లో పెట్టి అమ్మింది. ఇంజిన్‌ను బిగించే మౌంటింగులు, రేడియేటర్, గేర్‌బాక్స్ ఈ బాడీకి కుదిరేవే పాత సామాన్లలో వెతికి తెచ్చుకోవచ్చు. వేరే కంపెనీ డీజిల్ అంటే బాడీ కోసి వెల్డింగులు పెట్టాలి. నేనైతే వద్దంటాను.

మన 1489 సీసీ ఇంజిన్‌ది 50 హార్స్‌పవర్ దరిదాపు, 1817 సీసీ ఇసుజుది 75. పైగా ఐదు గేర్లు. నార్కట్‌పల్లిలో హైవే ఎక్కాక 80 దాటినా ఇంజిన్ అరవలేదు. ఆ సంతోషంలో ఉండగానే చిట్యాల దగ్గర మేకల మంద రోడ్డెక్కింది. బ్రేకు మీద లేచి నిలబడ్డంత పని చేశాను. బండి ఎడమకు గుంజుకుంటూ పోయి, మందకు బారెడు దూరంలో ఆగింది. దిగితే ముందు చక్రాల దగ్గర లైనింగ్ కాలిన వాసన. వెనక సీట్లో అమ్మ ముందు సీటును పట్టుకున్న చెయ్యి ఇంకా తీయలేదు.

షెడ్డులో ‘ఈ పాత డ్రమ్ము బ్రేకులే చాలు’ అంటే నమ్మాను. తర్వాత కొత్త మోడల్ అంబాసిడర్ డిస్క్ బ్రేకులు, కాలితో తక్కువ బలంతో తొక్కినా బ్రేకు గట్టిగా పడేలా చేసే సర్వోతో సహా, ముందు చక్రాలకు వేయించాను. మీరు ఇంజిన్ దించకముందే ఆ పని కానివ్వండి.

గేర్‌బాక్స్ మారితే, అక్కడి నుంచి వెనక చక్రాలకు తిప్పే బలాన్ని చేర్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ పొడవు కూడా సరిచేయాల్సి వస్తుంది. లేత్ దగ్గర కోసి అతికించి వదిలేస్తే కాదు, బ్యాలెన్సింగ్ చేయించాలి. మాది మొదట్లో 60 దాటగానే సీటు కింద గడగడలాడేది. రేడియేటర్ కూడా 1800దే పెట్టించండి, మన మే నెల ఎండకు పాతది ఆగదు.

బండిలో మార్పులు చేయించడం గురించి మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఉంది, కాబట్టి పని మొదలుపెట్టక ముందే ఆర్టీఓ ఆఫీసులో అనుమతి అడగండి. కొత్త ఇంజిన్ నంబరు ఆర్సీలో ఎక్కకపోతే రేపు ఇన్సూరెన్స్ క్లెయిము దగ్గర పేచీ. ఇంజిన్ కొన్న బిల్లు, అది ఏ బండిలోంచి తీశారో ఆ ఆర్సీ కాపీ లేకుండా డబ్బులివ్వకండి.

పాత ఇంజిన్ మాత్రం తూకానికి అమ్మొద్దు. మాది కొట్టంలో చెక్కల మీద, గోనెసంచి కప్పి ఉంది. ప్లగ్గుల రంధ్రాల్లో కాస్త నూనె పోసి అప్పుడప్పుడు చేత్తో తిప్పుతుంటాను, ఇప్పటికీ తేలిగ్గా తిరుగుతుంది.