సింగపూర్ వర్క్ పాస్ కోసం దొంగ సర్టిఫికెట్ పెడితే ఏమవుతుంది?

సింగపూర్ రావాలనుకునే మనవాళ్ల నుంచి ఈ ప్రశ్న నాకు మళ్లీ మళ్లీ వస్తుంటుంది. "అన్నా, డిగ్రీలో రెండు సబ్జెక్టులు మిగిలిపోయాయి. సర్టిఫికెట్ సంగతి తనకు వదిలేయమని ఏజెంటు అంటున్నాడు. ఒకవేళ దొరికినా పాస్ రద్దు చేసి ఇంటికి పంపేస్తారు, అంతే కదా?"

అంతే కాదు. ఇంటికి పంపడం ఆఖర్న జరిగేది. దానికి ముందు విచారణ, కోర్టు, చాలా కేసుల్లో జైలు ఉంటాయి.

ఇక్కడి ఎంప్లాయ్‌మెంట్ ఆఫ్ ఫారిన్ మ్యాన్‌పవర్ యాక్ట్ ప్రకారం వర్క్ పాస్ దరఖాస్తులో తప్పుడు సమాచారం ఇవ్వడం క్రిమినల్ నేరం. 20 వేల సింగపూర్ డాలర్ల దాకా జరిమానా వేయవచ్చు, రెండేళ్ల దాకా జైలుకు పంపవచ్చు, రెండూ కలిపీ విధించవచ్చు. ఆ సెక్షన్‌లో మనవాళ్లు గమనించని మాట ఒకటి ఉంది. అబద్ధమని తెలిసి చెప్పినవాళ్లే కాదు, అది అబద్ధమని తెలిసి ఉండాల్సినవాళ్లు కూడా నేరస్తులే. చెప్పాల్సిన ముఖ్యమైన విషయాన్ని దాచి తప్పుదారి పట్టించినా అదే సెక్షన్ వర్తిస్తుంది. కాబట్టి "ఫారం ఏజెంటు నింపాడు, నేను సంతకం పెట్టానంతే" అంటే తప్పించుకోలేరు. మీరు చదవని కాలేజీ పేరు మీ దరఖాస్తులో ఉంటే, ఆ సంగతి మీకు తెలియదంటే ఏ జడ్జి నమ్ముతారు?

శిక్ష ఎంత పడుతుందన్నది కోర్టు ఏం చూస్తుందన్నదాన్ని బట్టి ఉంటుంది. అన్నిటికంటే ముందు వచ్చే ప్రశ్న ఇది: ఆ అబద్ధం లేకపోతే ఈ మనిషికి పాస్ వచ్చేదా? పాస్ ఇవ్వాలన్న నిర్ణయాన్ని ఆ అబద్ధమే ప్రభావితం చేసి ఉంటే, జరిమానాతో సరిపెట్టకుండా జైలు వైపే మొగ్గు చూపుతారు. 2019లో హైకోర్టు కూడా ఈ దారినే చూపించింది. డిగ్రీ చూసి ఇచ్చిన పాస్‌కు ఆ డిగ్రీయే దొంగదైతే ఇక వాదించడానికి మిగిలేది తక్కువ. అలాంటి కేసుల్లో వారాల లెక్కన జైలు మామూలే. ఒకరికి మించి ఎక్కువమందికి ఇలా పాసులు తెప్పించినవాళ్లకు, దాంతో డబ్బు చేసుకున్నవాళ్లకు నెలల్లోకి వెళుతుంది.

"ఇన్నేళ్లు బాగా పనిచేశాను, కంపెనీకి నష్టమేమీ లేదు" అన్న వాదన కూడా విన్నాను. అది పెద్దగా పనికిరాదు. ఇక్కడ మోసపోయింది కంపెనీ ఒక్కటే కాదు, ఎవరిని దేశంలోకి రానివ్వాలో నిర్ణయించే వ్యవస్థ కూడా. పైగా క్రిమినల్ కేసు పెట్టడానికి సింగపూర్‌లో కాలపరిమితి లేదు. పాస్ రెన్యువల్‌లోనో, పీఆర్ (శాశ్వత నివాసం) దరఖాస్తులోనో పాత సర్టిఫికెట్ మళ్లీ బయటికొస్తుంది. 2023 సెప్టెంబరు నుంచి ఎంప్లాయ్‌మెంట్ పాస్‌కు (మేనేజర్లు, ప్రొఫెషనల్ ఉద్యోగులకు ఇచ్చే వర్క్ పాస్) కొత్తగా దరఖాస్తు చేసేటప్పుడు అర్హత లెక్కలో చదువు చూపించి పాయింట్లు కోరితే, ఆ డిగ్రీ నిజమైనదేనని వెరిఫికేషన్ రుజువు కూడా పెట్టాలి. హైదరాబాదులో నకిలీ సర్టిఫికెట్ల ముఠాలు పట్టుబడినప్పుడల్లా ఆ కాగితాలు కొన్నవాళ్ల గురించే నాకు బాధ. లక్షలు పోసి వాళ్లు కొనుక్కున్నది ఎప్పుడు బయటపడుతుందో తెలియని టెన్షన్.

ఇంకో రకం అబద్ధం జీతం గురించి. ఎస్ పాస్‌కు (మధ్యస్థాయి నైపుణ్యం ఉన్నవాళ్లకు ఇచ్చే వర్క్ పాస్) నెలకు కనీసం 3,300 డాలర్ల జీతం చూపించాలి. కొందరు యజమానులు కాగితం మీద అంత చూపించి, బ్యాంకులో వేసి, సగం నగదుగా వెనక్కి తీసుకుంటారు. ఉద్యోగం ఇచ్చినందుకు ఇలా డబ్బు గుంజడం యజమాని చేసే వేరే నేరం. మీరు ముందే ఒప్పుకోకుండా జరిగితే మీరు బాధితులు. బ్యాంకు స్టేట్‌మెంట్లు, మెసేజీలు దాచుకుని మినిస్ట్రీ ఆఫ్ మ్యాన్‌పవర్‌కు గానీ, మైగ్రెంట్ వర్కర్స్ సెంటర్‌కు గానీ వెళ్లండి. ముందే ఒప్పుకుని సంతకం పెట్టి ఉంటే మాత్రం పరిస్థితి వేరు. అప్పుడు లాయర్‌తో మాట్లాడాకే అడుగు వేయండి.

విచారణ మొదలైతే పాస్ రద్దవుతుంది, పాస్‌పోర్టు అధికారుల దగ్గరే ఉండిపోతుంది. స్పెషల్ పాస్ అనే తాత్కాలిక అనుమతి మీద ఉండనిస్తారు గానీ దాంతో మామూలుగా ఉద్యోగం చేయడానికి వీల్లేదు. జీతం ఆగిపోతుంది, గది అద్దె ఆగదు, ఊళ్లో అప్పు వడ్డీ ఆగదు. జైలు కంటే ఈ నెలలే కుటుంబాలను ఎక్కువగా కుంగదీస్తాయని నా అభిప్రాయం. శిక్ష ముగిశాక సింగపూర్‌లో మళ్లీ పనిచేసే దారి మూసుకుపోతుంది.

ఇప్పటికే దరఖాస్తు పెట్టేసి భయపడుతున్నవాళ్లకు ఒక మాట. పాస్ ఇంకా రాకపోతే, తప్పు ఏమిటో రాతపూర్వకంగా యజమానికి చెప్పి దరఖాస్తు వెనక్కి తీసుకోమనండి. ఆ కాపీ మీ దగ్గర ఉంచుకోండి. అధికారులు పిలిస్తే మాత్రం ఒక అబద్ధాన్ని కప్పడానికి ఇంకోటి చెప్పకండి. నేరం నిజంగా చేసి ఉంటే, కేసు తొలిదశలోనే ఒప్పుకున్నవారికి శిక్షలో 30 శాతం దాకా తగ్గించే మార్గదర్శకాలు 2023 అక్టోబరు నుంచి అమల్లో ఉన్నాయి. స్టేట్‌మెంట్ ఇచ్చేటప్పుడు ఇంగ్లిష్ సరిగ్గా అర్థం కాకపోతే దుబాసీ కావాలని అడగండి, మొహమాటపడకండి.

ఇంకా ఊళ్లోనే ఉన్నవాళ్లు ఏజెంటు విదేశాంగ శాఖ దగ్గర రిజిస్టరైనవాడో కాదో ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో చూసుకోండి. భారత చట్టం ప్రకారం అతను తీసుకోదగిన సేవా రుసుము 30 వేల రూపాయలు, దాని మీద జీఎస్టీ మాత్రమే. విమానం ఎక్కేముందు ఐపీఏ లెటర్ (పాస్‌కు సూత్రప్రాయంగా ఆమోదం తెలిపే పత్రం) చేతికి తీసుకుని, అందులోని హోదా, జీతం మీకు చెప్పినవేనా అని ఒక్కో వరుసా చదవండి. దరఖాస్తులో చదువు, అనుభవం ఏమని రాశారో దాని కాపీ కూడా అడిగి తీసుకోండి. "అది కంపెనీ రహస్యం" అని ఏజెంటు అంటే ఆ ఉద్యోగం వదిలేయండి.