ఒకే పొట్టేలు వారసత్వం: మందలో పిల్లలు ఎందుకు బలహీనపడతాయి?

ప్రశ్న: 2017లో ప్రభుత్వం చేసిన గొర్రెల పంపిణీలో వచ్చిన 20 గొర్రెలు, ఒక పొట్టేలుతో మా మంద మొదలైంది. ఆ పొట్టేలు ముసలిదయ్యాక దాని కొడుకునే మందకు ఉంచుకున్నాం. ఈ మధ్య పిల్లలు చిన్నగా పుడుతున్నాయి, కొన్ని లేచి పాలు తాగలేక చనిపోతున్నాయి, ఒకదానికి కింది దవడ పొట్టిగా ఉంది. ఒకే రక్తం కలవడమే కారణమని కొందరు అంటే, మన ఇళ్లలో మేనరికాలు లేవా అని మా నాన్న అంటున్నాడు. వరి విత్తనం ఏళ్ల తరబడి సొంతదే వాడుతున్నా తగ్గింది లేదు. మరి గొర్రెలకే ఎందుకిలా?
– ఒక పాఠకుడు, దేవరకొండ, నల్లగొండ జిల్లా

జవాబు: గొర్రెకైనా మనిషికైనా ఒక్కో జన్యువు రెండు ప్రతులుగా ఉంటుంది, ఒకటి తల్లి నుంచి, ఒకటి తండ్రి నుంచి వస్తుంది. చెడు ప్రతి ఒకటే ఉంటే, మంచి ప్రతి పని నడిపిస్తుంది కాబట్టి చాలాసార్లు లోపం బయటపడదు. మీ మొదటి పొట్టేలు చూడటానికి ఎంత బలంగా ఉన్నా, దానిలో ఇలాంటి చెడు ప్రతులు కొన్ని దాగి ఉండటం సహజమే. అటువంటి ఒక ప్రతి దాని కూతుళ్లలో సగానికి చేరుతుంది. ఆ కూతుళ్లు తిరిగి తండ్రితోనే జత కడితే, పుట్టే పిల్లల్లో సుమారు ఎనిమిదింట ఒకదానికి రెండు చెడు ప్రతులూ చేరి లోపం పైకి తేలుతుంది. ఇది ఒక్క జన్యువు లెక్క మాత్రమే. పొట్టి దవడ ఇలా కనిపించే లోపాల్లో ఒకటి కావచ్చు. పుట్టుక బరువు, బతికే శక్తి, చూలు నిలవడం వంటివి అనేక జన్యువుల మీద ఆధారపడతాయి కనుక, దగ్గరి సంబంధం వల్ల ముందుగా దెబ్బతినేవి అవే.

మీ నాన్నగారి మాటకు అంకెలతోనే జవాబు చెప్పాలి. మేనబావ, మేనమరదలు పెళ్లి చేసుకుంటే పుట్టే బిడ్డలో ఒక జన్యువు రెండు ప్రతులూ ఒకే పూర్వీకుడి నుంచి వచ్చే అవకాశం 6.25 శాతం, మేనమామ, మేనకోడలు అయితే 12.5 శాతం. తండ్రీకూతుళ్లు కలిసిన గొర్రెల్లో అది 25 శాతం. పైగా మనుషుల్లో మేనరికం ఒక తరంలో జరిగినా తర్వాతి తరంలో వేరే ఇంటి సంబంధం రావచ్చు. మీ మందలో మాత్రం తరం తర్వాత తరం ఒకే రక్తం పేరుకుపోయింది. 20 గొర్రెలు, ఒక పొట్టేలు ఉన్న మందలో పుట్టే ప్రతి పిల్లకూ సగం జన్యువులు ఆ ఒక్క పొట్టేలువే కాబట్టి, వైవిధ్యం లెక్కలో అది దాదాపు నాలుగు జీవాల మందతో సమానం. ఆ పొట్టేలును ఎప్పుడు మార్చాలో పంపిణీ రోజునే ప్రతి కుటుంబానికీ చెప్పి ఉండాల్సిందని నా గట్టి అభిప్రాయం.

వరి సంగతి వేరు. వరి పువ్వులో పుప్పొడి, కీలాగ్రం రెండూ ఉండి అది తనతో తానే ఫలదీకరణ చెందుతుంది. వేల ఏళ్లుగా ఇలాగే సాగడం వల్ల దాగిన చెడు ప్రతులు ఎప్పటికప్పుడు బయటపడి, బలహీనమైన మొక్కలతో పాటే చాలావరకు తొలగిపోయాయి. గాలికి పుప్పొడి చల్లుకునే మొక్కజొన్న, సజ్జ అలా కావు. మొక్కజొన్నను వరుసగా తన పుప్పొడితోనే ఫలదీకరణ చేయిస్తే మొక్కలు గిడసబారిపోతాయి, కంకులు చిన్నవవుతాయి. అలా బలహీనపడిన రెండు వేర్వేరు వంశాలను కలిపితే పుట్టే మొక్క, అంటే హైబ్రిడ్, ఏపుగా పెరుగుతుందని అమెరికాలో శాస్త్రవేత్త జార్జ్ షల్ 1908 నుంచి ప్రకటించాడు. గద్వాల వైపు సీడు పత్తి (హైబ్రిడ్ విత్తనం కోసం వేసే పత్తి) చేలలో సాయంత్రం మొగ్గల్లోని పుప్పొడి భాగాలను గిల్లి తీసి, మరునాటి ఉదయం తండ్రిగా నాటిన మరో వంశం మొక్కల పువ్వులతో అద్దడం వెనుక ఉన్నదీ ఇదే సూత్రం. ఆ హైబ్రిడ్ పంట గింజనే మళ్లీ విత్తితే, వచ్చిన బలంలో దాదాపు సగం పోతుంది.

అయితే పిల్లలు చనిపోయిన ప్రతిసారీ రక్తసంబంధాన్నే నిందించకూడదు. తల్లులు కూడా చిక్కిపోతుంటే మేతనూ నట్టలనూ అనుమానించండి, చూలు నిలవక వరుసగా ఈచుకుపోతుంటే పశువైద్యుడికి చూపించండి. ఒక పరీక్ష మీరే చేయవచ్చు: బయట కొన్న గొర్రెలు మందలో ఉంటే, అదే పొట్టేలుకు వాటికి పుట్టిన పిల్లలనూ, ఇంట్లో పుట్టిన గొర్రెల పిల్లలనూ పక్కపక్కన పెట్టి చూడండి. మేత, కొట్టం ఒకటే అయినా బయటి గొర్రెల పిల్లలు నిక్షేపంగా ఉండి, ఇంటి గొర్రెల పిల్లలే నీరసిస్తుంటే కారణం దాదాపు తేలినట్టే.

దీనికి విరుగుడు సులభం. సంబంధం లేని పొట్టేలు వస్తే, తల్లి ఎంత దగ్గరి సంబంధంలో పుట్టినదైనా, దాని పిల్లలో ఆ దోషం ఒక్క ఈతలోనే తొలగిపోతుంది. తల్లి పాలు, తల్లి ఓపిక మాత్రం వెంటనే మెరుగుపడవు. పక్క ఊరి మందకూ మీ పొట్టేలు పిల్లే వెళ్లి ఉండవచ్చు, కాబట్టి పుట్టుపూర్వోత్తరాలు అడిగే తెచ్చుకోండి. మీది గొంగడి ఉన్నిచ్చే దక్కని మంద అయితే దయచేసి దక్కని పొట్టేలునే వెతకండి, మాంసం కోసం నెల్లూరు పొట్టేళ్లు దించిన చోటల్లా ఆ నల్ల ఉన్ని జాతి తరిగిపోతోంది. ఇంట్లో పుట్టిన మగపిల్లలను నాలుగైదు నెలలకే వేరు చేయండి లేదా విత్తులు కొట్టించండి. కొత్త పొట్టేలుకు పుట్టిన ఆడపిల్లలు జతకు వచ్చేలోపు, అంటే ఏడాదిన్నర, రెండేళ్లలో, దానినీ మార్చాలి. అమ్మేయకుండా దూరపు ఊరి మరో పెంపకందారుతో మార్చుకుంటే ఇద్దరికీ ఖర్చు ఉండదు.