సభ్యత్వ సైట్‌ను డాకర్‌లో పెట్టేవారు ముందుగా తేల్చుకోవలసింది బ్రౌజర్ సంగతి

సభ్యుల లాగిన్, సభ్యత్వ పునరుద్ధరణ పేజీలు ఉన్న ఒక రియాక్ట్ ఫ్రంటెండ్‌కు (బ్రౌజర్‌లో నడిచే భాగానికి) డాకర్‌తో (ప్రోగ్రామును దానికి కావలసినవన్నీ కలిపి కంటైనర్ అనే వేరు పెట్టెలో నడిపే సాధనంతో) డెవలప్‌మెంట్ ఎన్విరాన్‌మెంట్ ఎలా అమర్చుకోవాలి, ఏ బేస్ ఇమేజ్ (కంటైనర్‌కు పునాది అయ్యే అచ్చు) మంచిది అని మీరు అడిగారు. ఇమేజ్ విషయం త్వరగా తేలిపోతుంది. డెబియన్ లినక్స్ మీద కట్టిన నోడ్ స్లిమ్ ఇమేజ్ తీసుకుని, వెర్షన్ నంబరు స్పష్టంగా రాయండి. లేటెస్ట్ అని మాత్రం రాయవద్దు. ఆల్పైన్ అనే మరో లినక్స్ మీద కట్టిన ఇమేజ్ చిన్నదే కానీ, అందులో జీలిబ్‌సీ అనే సి లైబ్రరీ బదులు మజల్ ఉంటుంది కాబట్టి సి, సి++ భాగాలున్న ప్యాకేజీలు కొన్ని అక్కడ మొరాయిస్తాయి. డెవలప్‌మెంట్ మెషీన్‌లో ఆ కొద్ది మెగాబైట్లు మిగుల్చుకుని బాగుపడినవారిని నేను చూడలేదు.

రోజులకు రోజులు పోయేది వేరే చోట. నేను పనిచేసిన ఒక సభ్యత్వ సైట్‌కు వీట్ డెవ్ సర్వర్ (ఫ్రంటెండ్‌ను తయారుచేసి బ్రౌజర్‌కు ఇచ్చేది), ఏపీఐ (వెనక ఉండి లాగిన్ వంటి అభ్యర్థనలకు జవాబిచ్చేది), పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ అని మూడు కంటైనర్లు ఉండేవి. మొదట 5173 పోర్టులో పేజీయే తెరుచుకోలేదు. వీట్ మామూలుగా కంటైనర్ లోపలి లోకల్‌హోస్ట్‌లో మాత్రమే వింటుంది కనుక హోస్ట్‌ను 0.0.0.0గా (బయటి నుంచి వచ్చేవి కూడా వినేలా) మార్చగానే ఆ చిక్కు తీరింది. అసలు చిక్కు లాగిన్‌లో వచ్చింది. మెయిల్, పాస్‌వర్డ్ ఇవ్వగానే ఏపీఐ నుంచి 200 (అంతా సరే) వచ్చేది, పేజీ పైభాగంలో సభ్యుడి పేరు, సభ్యత్వం ముగిసే తేదీ సరిగ్గానే కనిపించేవి, కానీ ‘నా సభ్యత్వం’ అన్న లింకు నొక్కిన మరుక్షణం 401 (లాగిన్ కాలేదు) వచ్చి మళ్లీ లాగిన్ పేజీకే చేరేవాణ్ణి. పక్క సీటులోని సహోద్యోగి మెషీన్‌లో అదే కోడ్, అదే ఇమేజ్ ఏ ఇబ్బందీ లేకుండా నడుస్తున్నాయి.

రెండు రోజుల పాటు ఇమేజ్‌లు తిరిగి బిల్డ్ చేశాను, వాల్యూమ్‌లు (కంటైనర్ల డేటా దాచే చోట్లు) తుడిచేశాను, సెషన్ టేబుల్ తెరిచి ప్రతి లాగిన్‌కూ ఒక కొత్త వరుస చేరుతోందని కళ్లారా చూశాను. చివరికి నెట్‌వర్క్ ట్యాబ్‌లో లాగిన్ రెస్పాన్స్ తెరిస్తే, లాగిన్‌ను గుర్తుంచుకునే కుకీని దాచుకోమని బ్రౌజర్‌కు చెప్పే సెట్-కుకీ వరుస పక్కన చిన్న పసుపు త్రికోణం కనబడింది. కుకీకి సేమ్‌సైట్ (వేరే సైట్ల విషయంలో కుకీని ఎలా చూడాలో చెప్పే గుర్తు) విలువ లాక్స్ అని ఉందనీ, రెస్పాన్స్ వేరే సైట్ నుంచి వచ్చింది కాబట్టి కుకీని అడ్డుకున్నాననీ బ్రౌజర్ అక్కడ చెబుతోంది. నా ఎన్విరాన్‌మెంట్ ఫైల్‌లో ఏపీఐ చిరునామా 127.0.0.1:8000 అని ఉంది. సహోద్యోగి ఫైల్‌లో లోకల్‌హోస్ట్:8000 అని ఉంది. అడ్రస్ బార్‌లో ఇద్దరికీ ఉన్నది లోకల్‌హోస్టే. మన దృష్టిలో రెండూ ఒకే మెషీన్ అయినా, బ్రౌజర్‌కు అవి రెండు వేర్వేరు సైట్లు. పోర్టు మారితే సైట్ మారదు, పేరు మారితే మారుతుంది.

ఆ అంకెల చిరునామా నేను ఎందుకు రాశానో కూడా చెప్పాలి. కంటైనర్లన్నిటినీ కలిపి నడిపే కంపోజ్ ఫైల్‌లో సర్వీస్‌కు పెట్టిన ‘ఏపీఐ’ అన్న పేరునే మొదట చిరునామాగా వాడాను. ఆ పేరు కంపోజ్ నెట్‌వర్క్ లోపల మాత్రమే తెలుస్తుంది. ఫ్రంటెండ్ కోడ్ కంటైనర్‌లో తయారైనా, నడిచేది మాత్రం బయట ఉన్న బ్రౌజర్‌లో కాబట్టి ఆ పేరు దానికి దొరకలేదు. అందుకే దాని బదులు 127.0.0.1 అని రాశాను. ఈ ఒక్క విషయం మొదటి పేజీలోనే పెద్ద అక్షరాలతో రాయకుండా కంపోజ్ ఫైల్‌ను మాత్రం అతికించే మార్గదర్శకాలంటే నాకు నిజంగా కోపం.

అందువల్ల బ్రౌజర్‌కు ఒకే ఒక చిరునామా తెలిసేలా అమర్చండి. అది పంపేవన్నీ వీట్ సర్వర్‌కే రావాలి. ‘ఏపీఐ’ దారితో మొదలయ్యే అభ్యర్థనలను వీట్ ప్రాక్సీ తన నెట్‌వర్క్ లోపలి నుంచి ఏపీఐ సర్వీస్‌కు అందించాలి. కుకీకి డొమైన్ విలువ పెట్టకండి. అప్పుడు కార్స్ (వేరే చిరునామాకు అభ్యర్థన పంపేందుకు బ్రౌజర్ అడిగే అనుమతి) సెట్టింగుల బాధ కూడా ఉండదు.

మిగతావి చిన్నవే కానీ తప్పవు. ప్యాకేజీలు ఉండే నోడ్ మాడ్యూల్స్ ఫోల్డర్‌ను మీ మెషీన్ నుంచి మౌంట్ చేయక వేరే వాల్యూమ్‌లో ఉంచండి, ఎందుకంటే మ్యాక్‌లోనో విండోస్‌లోనో దిగిన ఈఎస్‌బిల్డ్ (కోడ్‌ను కట్టే ప్రోగ్రాము) లినక్స్ కంటైనర్‌లో నడవదు. విండోస్ వాడేవారు కోడ్‌ను డబ్ల్యూఎస్‌ఎల్ (విండోస్‌లోనే లినక్స్ నడిపే ఏర్పాటు) లోని లినక్స్ ఫైల్ సిస్టమ్‌లోనే పెట్టుకోవాలి. లేకపోతే ఫైల్ మారిన కబురు కంటైనర్‌కు అందదు. పోస్ట్‌గ్రెస్‌కు హెల్త్‌చెక్ (సిద్ధంగా ఉందో లేదో చూసే పరీక్ష) పెట్టండి, ఎందుకంటే కంపోజ్‌లో డిపెండ్స్ ఆన్ ఒక్కటే రాస్తే కంటైనర్ మొదలయ్యేదాకా ఆగుతుందే తప్ప డేటాబేస్ సిద్ధమయ్యేదాకా ఆగదు. పేమెంట్ గేట్‌వే రహస్య కీని వీట్ పేరుతో మొదలయ్యే వేరియబుల్‌లో పెట్టిన ప్రాజెక్టును నేను చూశాను. కోడ్‌లో అలాంటి వేరియబుల్‌ను వాడితే దాని విలువ నేరుగా సభ్యుల బ్రౌజర్లకే చేరుతుంది. ఇది క్షమించరాని నిర్లక్ష్యం.

సభ్యత్వ సైట్లకే ప్రత్యేకమైన మరో ఇబ్బంది తేదీలది. కంటైనర్ గడియారం మామూలుగా యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక కాలంలో) ఉంటుంది కనుక, అర్ధరాత్రి ముగిసే సభ్యత్వానికి కంటైనర్‌లోని టెస్టులు ఒక తేదీ, సభ్యుడి బ్రౌజర్ మరో తేదీ చూపగలవు. టెస్టులను కనీసం రెండు టైమ్‌జోన్లలో నడపండి.

అంతా అమర్చిన రోజున హాట్ రీలోడ్ (కోడ్ మార్చగానే పేజీ తనంతట మారడం) పనిచేస్తోందా అని చూడడానికి ముందు, ఒక సభ్యుడిగా లాగిన్ అయి, పేజీని రిఫ్రెష్ చేసి, ఇంకా లాగిన్‌లోనే ఉన్నారో లేదో చూడండి.