ఉనైజా పోతున్న మా మేనల్లుడికి

అల్లుడూ,

మొన్న రాత్రి అక్క ఫోన్ చేసి, నీకు ఉనైజాలో ఖర్జూరం తోట వీసా వచ్చిందని చెప్పింది. చెబుతూనే ఏడ్చింది. మన ఇంట్లో చెట్టెక్కే మోకు పట్టడం నేర్చినవాళ్లలో ఆఖరివాడివి నువ్వు. ఆ పనే నిన్ను సౌదీ దాకా తీసుకుపోతోందంటే గర్వంగా ఉంది. ఆ ఊళ్లో ఏళ్ల తరబడి బతికినవాణ్ణి కాబట్టి బుగులూ పట్టుకుంది.

చిన్న విషయాలు ముందు చెప్పేస్తాను. పదో తరగతి పాస్ కాలేదు కాబట్టి నీది ఈసీఆర్ పాస్‌పోర్టు. ఎమిగ్రేషన్ క్లియరెన్స్ లేకుండా కదలొద్దు. ఏజెంటు పేరు మన ప్రభుత్వం ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో ఉందో లేదో చూడు. లైసెన్సున్న ఏజెంటు 30 వేలు, దాని మీద జీఎస్టీ తప్ప ఒక్క రూపాయి ఎక్కువ తీసుకోకూడదు. ప్రవాసీ భారతీయ బీమా యోజన పది లక్షల బీమా. చేయించుకో. అక్క పెట్టే పచ్చళ్లు తీసుకుపో గానీ గసగసాలు చిటికెడు కూడా వద్దు. అక్కడ వాటిని మత్తుమందు కింద లెక్కేస్తారు. ఇంట్లో దంచిన మటన్ మసాలాలో గసాలు పడితే అదీ వద్దు.

ఉనైజా రియాద్‌కు వాయవ్యంగా, కారులో మూడు నాలుగు గంటల దూరం. అల్ ఖసీమ్ అనే ఆ ప్రాంతమంతా ఎడారే, అయినా ఎటు చూసినా వ్యవసాయమే. విమానంలోంచి చూస్తే ఇసుకలో గుండ్రటి పచ్చటి పొలాలు కనబడతాయి. వందల మీటర్ల లోతు నుంచి తోడిన నీళ్లవి. వేల ఏళ్ల కింద భూమిలో చేరిన నీళ్లు, మళ్లీ వానకు నిండేవి కావు. ఆ నీళ్లతోనే ఒకప్పుడు గోధుమలు ఎగుమతి చేసేంత పండించారు. నీళ్లు అడుగంటుతున్నాయని 2008 నుంచి తగ్గిస్తూ వచ్చి, 2016కు రైతుల దగ్గర కొనడమే ఆపేశారు. బావ వేయించిన బోర్లన్నీ ఎండిపోయి, ఆ అప్పు తీర్చడానికే కదా నువ్వు పోతున్నది. అక్కడ పైపు కారుతుంటే చూసి ఊరుకోకు. కట్టు.

చెట్టు సంగతి. మన తాడి నున్నగా ఉంటుంది, మోకు జారుతుందనే భయం. ఖర్జూరానికి కొట్టేసిన మట్టల మొదళ్లు మెట్లలా ఉంటాయి, అదే మోసం. కొన్ని లోపల పుచ్చిపోయి పైకి గట్టిగా కనబడతాయి. కాలు మోపేముందు మడమతో తట్టు. డొల్ల చప్పుడు వస్తే దాని మీద బరువు వేయకు. మట్ట మొదట్లో వేలంత ముళ్లుంటాయి, దిగితే చెయ్యి వాచిపోతుంది. అందుకే ముందు ముళ్లు కోసేసి, ఫిబ్రవరి, మార్చిలో మగపూల రెబ్బలను ఆడగెలల మధ్య తలకిందులుగా దూర్చి కడతారు. ఎంత అనుభవం ఉన్నా నడుముకు పట్టా లేకుండా ఎక్కకు. బావ చెట్టు మీంచి పడ్డ రోజు నీకు గుర్తుండదు, చిన్నోడివి. నాకు ఇప్పటికీ కళ్లముందే ఉంది.

ఇంకోటి. ఈతచెట్టు గీసే కులమని తెలిస్తే, ఖర్జూరం చెట్టు గీసి కల్లు దించమని ఎవడో ఒకడు తప్పకుండా అడుగుతాడు. మనవాడే అడుగుతాడు. దించావంటే జైలే.

ఇప్పుడు అసలు మాట. మా మజ్రాలో, అంటే తోటలో, మునుగోడు వైపు పిల్లవాడు ఒకడు ఉండేవాడు. పనిలో చురుకు, నోరు మంచిది. ఒక ఏడు ఎండాకాలం జీతాలు ఆగాయి. చిన్న తోటల దగ్గర ఇది మామూలే. సుక్కరీ రకం ఖర్జూరం ఆగస్టులో మార్కెట్‌కు పోతేగానీ కఫీల్ చేతికి, అంటే వీసా ఇచ్చిన యజమాని చేతికి, డబ్బు రాదు. ముందే చెప్పి ఆపే కఫీల్ ఉంటాడు, చెప్పనివాడూ ఉంటాడు. మావాడు చెప్పలేదు. రియాద్‌లో మేస్త్రీ పనికి రెట్టింపు ఇస్తారని ఎవరో ఈ పిల్లవాడికి ఎక్కించారు. ఒక రాత్రి కూరగాయల బండిలో ఎక్కి వెళ్లిపోయాడు. పాస్‌పోర్టు కఫీల్ దగ్గరే ఉంది. మర్నాడే ఆ కఫీల్ ఇతను పారిపోయాడని రాయించాడు. అకామా, అంటే అక్కడ ఉండనిచ్చే కార్డు, పనికిరాకుండా పోయింది. పండు అమ్ముడయ్యాక మా అందరికీ బాకీ జీతాలు ఒకేసారి వచ్చాయి. అతనిది మాత్రం రాలేదు.

కల్లివెల్లి అయినవాడి, అంటే కఫీల్‌ను వదిలి పారిపోయినవాడి, బతుకు నేను రియాద్‌లోని బతాలో చూశాను. పని చేయించుకున్నవాడు సగం కూలీ ఇచ్చి, పోలీసులకు చెప్పనా అంటాడు. జ్వరమొస్తే ఆస్పత్రిలో మొదట అడిగేది అకామా. ఇంటికి డబ్బు పంపాలంటే ఇంకొకడి పేరు మీద. ఆ పిల్లవాడు వాళ్ల అమ్మ చనిపోతే ఫోన్ చెవికి పెట్టుకుని గదిలోనే కూలబడ్డాడు. చివరికి 2013లో కాగితాలు లేనివాళ్లకు సౌదీ ప్రభుత్వం గడువిచ్చినప్పుడు ఔట్‌పాస్ అనే తిరుగు ప్రయాణ కాగితం మీద ఊరికి చేరాడు, ఉత్త చేతులతో.

అల్లుడూ, జీతం ఆగితే పారిపోకు. నలుగురి కంటా పడు. ఉనైజా చిన్న ఊరు. నీ కఫీల్ ఎవరో ఖర్జూరం మార్కెట్‌లో లెక్కలు రాసేవాడికి తెలుసు, మలయాళీ హోటల్ వాడికి తెలుసు, మసీదు ఇమాముకు తెలుసు. వచ్చిన వారంలోనే వీళ్లందరికీ సలాం చెప్పి పరిచయం చేసుకో. పరువున్న మనిషి వాళ్ల ముందు మాట పడడానికి ఒప్పుకోడు. అప్పటికీ కాకపోతే లేబర్ ఆఫీసు, రియాద్‌లో మన ఎంబసీ. జీతం తేదీలు, పాస్‌పోర్టు, అకామా ఫోటోలు అక్క ఫోన్‌లో కూడా పెట్టు.

శీతాకాలం రాత్రులు గడ్డకట్టే చలి, రగ్గు మరవకు. శుక్రవారం పొద్దున అక్కకు ఫోన్ చెయ్యి. మాట్లాడడానికి ఏమీ లేకపోయినా సరే, గొంతు వినిపించు.

ఏజెంటుకు మిగతా డబ్బు ఇంకా ఇవ్వకు. 2021లో వచ్చిన రూల్ ప్రకారం కంపెనీ పనివాళ్లు ఉద్యోగం మారొచ్చు. ఇంటి డ్రైవర్లు, కాపరులు, వ్యవసాయ కూలీలను మాత్రం అందులో కలపలేదు. నీ వీసా కంపెనీదా, ఒక మనిషి పేరు మీదదా అన్నది ముందు తేలాలి. వీసా కాగితం రెండువైపులా ఫోటో తీసి ఈ రాత్రికే నాకు పంపు. నల్లగొండలో అరబ్బీ చదివే మౌల్వీ సాబ్ ఉన్నారు. రేపు పొద్దున్నే పోయి చదివించి నీకు ఫోన్ చేస్తాను.

మీ మామ