డూప్లికేట్ ఫోటోలు డిలీట్ చేయకుండా హార్డ్ లింక్ చేస్తే: మా ఇంటి డిస్కు కథ

మీరు అడిగింది ఇదీ. ఇంట్లో అందరి ఫోన్ల ఫోటోలూ ఏళ్ల తరబడి ఒకే డిస్కులో పోస్తూ వచ్చారు. ఒక్కో ఫోటో నాలుగైదు ఫోల్డర్లలో ఉంది, డిస్కు నిండిపోయింది. ఏ ఫోల్డరూ చెదరకుండా, ఏదీ డిలీట్ చేయకుండా, లినక్స్ కమాండ్ లైన్ నుంచి జాగా మిగుల్చుకోవచ్చా, అది సేఫేనా?

మిగుల్చుకోవచ్చు, దానికి ఒక్క కమాండు చాలు. సేఫేనా అంటే, ఫోటోలకీ వీడియోలకీ సేఫే. తరచూ మార్చే ఫైళ్లకి కాదు. ఈ రెండో మాట నేను మా అపార్ట్‌మెంట్ లెక్కలు పాడుచేసుకుని నేర్చుకున్నాను, అది కింద చెప్తాను. కమాండ్లు తెలుగు లిపిలోనే రాస్తున్నా, మీరు ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టుకోండి. పెద్ద అక్షరం కావలసినచోట విడిగా చెప్తా, అది మటుకు జాగ్రత్త.

మాది పాత డెస్క్‌టాప్, లినక్స్ మింట్, 1 టీబీ డిస్కు. ఫోన్ మార్చినప్పుడల్లా మొత్తం తెచ్చి అందులో పడేసేవాణ్ణి. "పాత ఫోన్", "పాత ఫోన్ కొత్తది", "నాన్న ఫోన్ ఫైనల్", "నాన్న ఫోన్ ఫైనల్ 2" అని ఫోల్డర్లు. చెల్లి పెళ్లి ఫోటోలు ఫోటోగ్రాఫర్ పెన్‌డ్రైవ్‌లో ఇస్తే నేనొకసారి, నాన్నగారొకసారి, బావగారొకసారి కాపీ చేశాం. డూప్లికేట్లు తీసేద్దామంటే నాన్నగారు ఒప్పుకోరు. ఆయనకి ఫోటో ఏ ఫోల్డర్లో ఎన్నో వరసలో ఉందో గుర్తు. అక్కడ కనబడకపోతే పోయినట్టే లెక్క. అందుకే డిలీట్ మాట వదిలేసి లింకుల దారి పట్టాను.

హార్డ్ లింక్ అంటే ఏమిటో ముందు అర్థం చేసుకోండి, తర్వాత వచ్చే తంటాలన్నీ ఇందులోంచే. మా మేనకోడలు ఇంట్లో చిన్ని, బడి రిజిస్టర్లో లక్ష్మీప్రసన్న. పేర్లు రెండు, పిల్ల ఒకతే. డిస్కులో కూడా ఫైలు అసలు సరుకు ఒకచోట ఉంటుంది, దానికో నంబరు ఉంటుంది. దాన్ని ఐనోడ్ నంబరు అంటారు. ఫోల్డర్లో మనకు కనబడేది ఆ నంబరుకి పెట్టిన పేరు మాత్రమే. ఒకే నంబరుకి నాలుగు ఫోల్డర్లలో నాలుగు పేర్లు పెడితే అవి హార్డ్ లింకులు. ఇందులో ఏది ఒరిజినల్, ఏది నకలు అన్న ప్రశ్నే లేదు, నాలుగూ సమానం. ఒక పేరు డిలీట్ చేస్తే ఆ పేరే పోతుంది. చివరి పేరు కూడా పోయాకే జాగా ఖాళీ అవుతుంది. సిమ్‌లింక్ అలా కాదు, అది అడ్రసు రాసిన చీటీ. అసలు ఫైలు పేరు మారిస్తే చీటీ వృథా. ఫోటోలకి సిమ్‌లింకులు పెట్టకండి.

పని మొదలుపెట్టే ముందు ఇది కొట్టండి, టీ పెద్దక్షరం:

డీఎఫ్ -టీ

మీ డిస్కు ఏ ఫైల్‌సిస్టమో, అంటే డిస్కులో ఫైళ్లని అమర్చిన పద్ధతి ఏదో, అందులో ఉంటుంది. ఈఎక్స్‌టీ4 అయితే బాధ లేదు, ఒక్కో ఫైలుకి 65,000 పేర్ల దాకా పెట్టుకోవచ్చు. ఎన్‌టీఎఫ్ఎస్ అయినా హార్డ్ లింకులు పనిచేస్తాయి, కాకపోతే ఒక్కో ఫైలుకి వెయ్యి చిల్లర వరకే. ఎక్స్‌ఫ్యాట్ గానీ ఫ్యాట్32 గానీ అయితే అక్కడితో ఆగిపోవాలి, వాటిలో హార్డ్ లింకులన్నవే లేవు. కొన్న ఎక్స్‌టర్నల్ డిస్కులు చాలావరకు ఎక్స్‌ఫ్యాట్‌తోనో ఎన్‌టీఎఫ్ఎస్‌తోనో వస్తాయి కాబట్టి ఇది చూడకుండా ముందుకెళ్లొద్దు. ఇంకోటి, లింకులు ఒకే ఫైల్‌సిస్టమ్ లోపలే కుదురుతాయి. లాప్‌టాప్‌లో ఒక పేరు, ఎక్స్‌టర్నల్ డిస్కులో ఒక పేరు అంటే కుదరదు.

నేను వాడింది జేడూప్స్, డూప్లికేట్ ఫైళ్లు వెతికి పెట్టే టూల్. ఎఫ్‌డూప్స్ అనే పాత టూల్ నుంచి పుట్టిందే, దానికన్నా చురుకు. ముందు లెక్క మాత్రం చూపించమన్నాను, ఇది దేన్నీ ముట్టుకోదు:

జేడూప్స్ -ఆర్ -ఎమ్ ఫోటోలు

దాదాపు పాతికవేల డూప్లికేట్ ఫైళ్లు, 140 జీబీ పైచిలుకు అని చూపించింది. నేను ఇంకా ఎక్కువ ఉంటాయనుకున్నా. తక్కువ రావడానికి కారణం వాట్సాప్. ఫోటోని మామూలుగా పంపితే అది కుదించి పంపుతుంది, కాబట్టి కెమెరాలో ఉన్నదీ గ్రూపులో వచ్చిందీ కంటికి ఒకటే అయినా బైట్లలో వేరు. ఈ టూల్స్ బైటు బైటు సరిపోలితేనే డూప్లికేట్ అంటాయి. అది మంచిదే అనుకోండి. గుడ్ మార్నింగ్ గులాబీల సంగతి మాత్రం మీరే చూసుకోవాలి.

తర్వాత అసలు కమాండు. ఇందులో ఎల్, ఓ రెండూ పెద్దక్షరాలు, ఆర్ చిన్నది:

జేడూప్స్ -ఆర్ -ఓ -ఎల్ కెమెరా పాతఫోన్ నాన్నఫోన్

చిన్న ఎల్ కొడితే సిమ్‌లింకులు చేస్తుంది, అందుకే అన్నిసార్లు చెప్తున్నా. పెద్ద ఓ ఎందుకంటే, ఫైలు తేదీ, ఓనరు, పర్మిషన్లు పేరుకి కాదు, ఐనోడ్‌కి అంటుకుని ఉంటాయి. నాలుగు నకళ్లకి నాలుగు తేదీలున్నా లింక్ చేశాక ఒక్క తేదీయే మిగులుతుంది. ఓ ఇస్తే, మీరు కమాండులో ముందు రాసిన ఫోల్డర్లో ఉన్నది నిలుస్తుంది. కాబట్టి సరైన తేదీలున్న ఫోల్డర్ని ముందు రాయండి. నేను మొదటిసారి ఇది తెలీక కొన్ని పాత వీడియోల తేదీలు పోగొట్టుకున్నాను. ఫోటోల్లోపల తీసిన తేదీ మామూలుగా ఉంటుంది కాబట్టి వాటికి ఫరవాలేదు. ఓనరు, పర్మిషన్లు వేరుగా ఉన్నవాటిని కలపొద్దంటే చిన్న పీ కూడా జోడించండి.

ఒక రాత్రంతా నడిచింది. స్క్రీన్ మీద ఒక్కో ఫైలు ముందు ఎస్ఆర్‌సీ అని, కింద బాణం గుర్తులతో దాని నకళ్లు వరసగా వెళ్తుంటే చూస్తూ కూర్చోవడం అదో సరదా.

పొద్దున లేచి డీయూ -ఎస్‌హెచ్ కొట్టి మూడు ఫోల్డర్ల సైజులు చూశాను. కెమెరా ఫోల్డర్ మునుపటిలాగే ఉంది. నాన్నగారి ఫోల్డర్ 61 జీబీ ఉండేది, 3 జీబీ చూపిస్తోంది. గుండె ఆగినంత పనైంది. ఫోల్డర్ తెరిస్తే అన్నీ ఉన్నాయి. సంగతేమిటంటే డీయూ ఒకే ఐనోడ్‌ని ఒక్కసారే లెక్కపెడుతుంది. మొదటి ఫోల్డర్లో లెక్కేసింది రెండోదాంట్లో మళ్లీ లెక్కెయ్యదు. చిన్న ఎల్ జోడిస్తే పాత సైజులే కనబడతాయి. అంతకంటే తృప్తిగా చూడాలంటే:

ఎల్‌ఎస్ -ఎల్‌ఐ

వరసలో మొదటి అంకె ఐనోడ్ నంబరు, పర్మిషన్ల తర్వాతది ఆ ఫైలుకి ఎన్ని పేర్లున్నాయో. చెల్లి తాళి కట్టించుకుంటున్న ఫోటోకి మూడు ఫోల్డర్లలోనూ ఒకటే ఏడంకెల నంబరు, పక్కన 3. అప్పటికి గానీ టెన్షన్ తగ్గలేదు.

ఇక నా తెలివితక్కువ పని. ఫోటోలతో ఇంత లాభం వచ్చింది కదా అని డాక్యుమెంట్స్ ఫోల్డర్ మీద కూడా అదే కమాండు వదిలాను. అప్పట్లో మా అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ లెక్కలు నేనే చూసేవాణ్ణి. ఏప్రిల్ నుంచి మార్చి దాకా పన్నెండు ఫోల్డర్లు, ఒక్కోదాంట్లో ఫ్లాట్ నంబర్లు మాత్రం రాసిన ఖాళీ లిస్టు, మామూలు టెక్స్ట్ ఫైలు. ఏడాది మొదట్లోనే పన్నెండూ కాపీ చేసి పెట్టుకున్నాను. పన్నెండూ అచ్చంగా ఒకటే కదా, జేడూప్స్ తన పని తాను చేసింది.

ఏప్రిల్లో కట్టినవాళ్ల పేర్లు నానో అనే టెక్స్ట్ ఎడిటర్లో తెరిచి నింపాను. మే నెలలో మే లిస్టు తెరిస్తే అందులో అప్పటికే 14 మంది కట్టేసి ఉన్నారు. ఏప్రిల్ ఫైలే తెరిచానేమోనని మూసి మళ్లీ తెరిచాను. ఆగస్టులోనూ కట్టేశారు. డిసెంబర్లోనూ కట్టేశారు. మార్చి దాకా మెయింటెనెన్స్ అడ్వాన్సుగా కట్టిన అపార్ట్‌మెంటు మాదొక్కటే అయ్యుంటుంది. ఎల్‌ఎస్ కొడితే పక్కన 12 అని ఉంది, అప్పుడు వెలిగింది.

నానో ఉన్న ఐనోడ్‌లోనే రాస్తుంది, కాబట్టి మార్పు అన్ని పేర్లలోనూ కనబడుతుంది. అదే కమాండ్ లైన్ నుంచే ఫైల్లో మాటలు మార్చే సెడ్ -ఐ వాడితే కొత్త ఫైలు రాసి పాత పేరు దానికి పెడుతుంది, లింకు తెగిపోతుంది, మిగతావి పాతవిగానే ఉంటాయి. ఏ ప్రోగ్రాం ఎలా సేవ్ చేస్తుందో గుర్తుపెట్టుకోవడం మనవల్ల అయ్యే పని కాదు. లింకు తెంచడం సులువే: సీపీతో వేరే పేరుకి కాపీ తీసి, ఎమ్‌వీతో దాన్ని పాత పేరు మీదకి తోసేయండి, అది విడి ఫైలు అవుతుంది. పదకొండు ఫోల్డర్లలో అదే చేసి, పేర్లు చెరిపి బయటపడ్డాను. ఎక్కడెక్కడ లింకులున్నాయో వెతకాలంటే:

ఫైండ్ డాక్యుమెంట్స్ -టైప్ ఎఫ్ -లింక్స్ +1

అప్పట్నుంచి ఫోటోలూ వీడియోలూ తప్ప దేన్నీ లింక్ చేయను. ఫోటోలకి కూడా లింక్ చేశాక సీహెచ్‌మోడ్ ఏ-డబ్ల్యూ కొట్టి రాసే పర్మిషన్ తీసేస్తాను, పొరపాటున ఏ ఎడిటరైనా అందులోనే రాయబోతే పర్మిషన్ లేదని ఆగుతుంది. పర్మిషన్ ఐనోడ్‌ది కాబట్టి ఒక్క ఫోల్డర్లో పెడితే అన్ని పేర్లకీ వర్తిస్తుంది, ఇక్కడ మాత్రం ఆ గుణం మనకి కలిసొచ్చింది.

బ్యాకప్ దగ్గర ఇంకో దెబ్బ ఉంది. బ్యాకప్‌కి కాపీ చేసే ఆర్‌సింక్ కమాండుని -ఏ తో నడిపితే లింకుల్ని పట్టించుకోదు, మూడు పేర్లుంటే మూడు పూర్తి కాపీలు రాస్తుంది. నా బ్యాకప్ డిస్కు సగంలో నిండిపోయి ఆగింది. పెద్ద హెచ్ కలపాలి. ఇంకా ముఖ్యమైంది, మునుపు మూడు చోట్ల నిజంగా మూడు కాపీలుండేవి, డిస్కులో ఒకచోట పాడైనా ఇంకోటి దక్కేదేమో. ఇప్పుడు ఉన్నది ఒక్కటే. వేరే డిస్కులో బ్యాకప్ లేకుండా మాత్రం ఈ పనికి దిగకండి.

జేడూప్స్ దొరక్కపోతే యుటిల్-లినక్స్ అనే టూల్స్ కట్టతో వచ్చే హార్డ్‌లింక్ అనే కమాండు చూడండి, -ఎన్ ఇస్తే చేయకుండా చూపిస్తుంది. అది మామూలుగా తేదీలు కూడా సరిపోలితేనే కలుపుతుంది, తేదీ వదిలేయమంటే -టీ, ఇది చిన్నక్షరం. ఆర్‌డీఫైండ్ కూడా బావుంటుందంటారు, నేను దాన్ని ఎక్కువ వాడలేదు.

మీ డిస్కు బీటీఆర్ఎఫ్ఎస్ గానీ, రీఫ్లింక్ ఉన్న ఎక్స్ఎఫ్ఎస్ గానీ అయితే నేను పైన రాసిన గొడవ చాలావరకు మీకు అక్కర్లేదు. జేడూప్స్‌కి పెద్ద ఎల్ బదులు పెద్ద బీ ఇవ్వండి. ఫైళ్లు వేర్వేరుగానే ఉంటాయి, డేటా మాత్రం పంచుకుంటాయి, ఒకదాన్ని మారిస్తే మారిన ముక్క వరకే విడిపోతుంది. మా లిస్టులు అలాంటి డిస్కులో ఉండుంటే ఏమీ అయ్యేది కాదు. ఈఎక్స్‌టీ4లో ఆ సదుపాయం లేదు.

ముందు ఆ డీఎఫ్ -టీ కొట్టి మీ డిస్కు వరసలో ఏముందో చెప్పండి. ఎక్స్‌ఫ్యాట్ అని వస్తే ఫార్మాట్ చేయక తప్పదు, ఫోటోలన్నీ పెట్టుకోవడానికి ఇంకో డిస్కు అప్పు తెచ్చుకోవాలి.