బయట ఆయిల్ మార్పించారని టర్బోకి వారంటీ లేదంటే ఒప్పుకోవాలా?

ప్రశ్న: లాయర్ గారూ నమస్తే. మాది కావలి దగ్గర పల్లె, రొయ్యల చెరువులు చేస్తాం. 2023 జూన్‌లో మా ఆవిడ పేరు మీద 17 లక్షలు పెట్టి టర్బో పెట్రోల్ ఎస్‌యూవీ తీసుకున్నాం, వారంటీ మూడేళ్లు లేదా లక్ష కిలోమీటర్లు. 22 వేల దగ్గర షోరూమ్‌లో డేట్ దొరక్క కావల్లో తెలిసిన మెకానిక్ కాడ ఆయిలూ ఫిల్టరూ మార్పించా. 31 వేలకి మళ్లీ షోరూమ్‌లోనే సర్వీస్ అయింది. 38 వేలకి శ్రీశైలం పోతుంటే దోర్నాల దాటినాక ఘాట్‌లో పికప్ పడిపోయి వెనకాల నీలం పొగ. టర్బో పోయిందంట, బయట సర్వీస్ చేయించారు గాబట్టి వారంటీ రాదంట, లక్షా 90 వేలు కట్టమంటుండారు. వారంటీ గడువు ఇంకా ఉండాది. కొత్త బండి ఇప్పించుకోగలమా? కంపెనీ ఆఫీసేమో వేరే రాష్ట్రంలో, కేసు ఎక్కడెయ్యాలి?

జవాబు: ముందు ఒక్క పని చెయ్యండి, డబ్బు కట్టేముందు, ఏ కాగితం మీదైనా సంతకం పెట్టేముందు, వారంటీ ఎందుకు రాదో కారణం రాసివ్వమని షోరూముకీ కంపెనీ కస్టమర్ కేర్‌కీ మెయిల్ పెట్టండి. నోటిమాటగా చెప్పింది రేపు వినియోగదారుల కమిషన్ ముందు 'మేం అలా అన్లేదే' అంటారు. వాళ్ల జవాబు వచ్చిన తేదీ మీకు చాలా ముఖ్యం, కేసు వెయ్యడానికి ఉన్న రెండేళ్ల గడువు లెక్కలో అది పనికొస్తుంది.

ఇక అసలు సంగతి. బయట సర్వీస్ చేయించడం ఒకటి, ఆ సర్వీస్ వల్లే టర్బో పాడవడం ఇంకొకటి. వాళ్లు మొదటిది చూపించి రెండోది నిరూపించినట్టు మాట్లాడుతుండారు, మీరు ఒప్పుకోవద్దు. మీ కేసులో బలమంతా ఆ 31 వేల సర్వీస్‌లో ఉంది. ఆ రోజు మెకానిక్ పోసిన ఆయిల్ తీసేసి వాళ్ల ఆయిల్, వాళ్ల ఫిల్టర్ వేశారు గదా, లోపల మడ్డి ఉందనో ఆయిల్ గ్రేడ్ తేడా అనో జాబ్ కార్డులో, అంటే సర్వీస్‌లో ఏం చేశారో షోరూము రాసే కాగితంలో, రాశారా? రాయకపోతే, బిల్లు తీసుకుని బండి అప్పజెప్పి, ఆ తర్వాత 7 వేల కిలోమీటర్లు వాళ్ల ఆయిల్ మీదే తిరిగిన టర్బోకి పాత ఆయిలే కారణమంటే, 'మరి ఆ రోజే ఎందుకు రాయలేదు' అన్నదే కమిషన్‌లో అడిగే మొదటి ప్రశ్న అవుతుంది. ఆ జాబ్ కార్డు కాపీ ఇవాళే తీసుకోండి.

ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో తోసే టర్బో గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే మీ సాక్ష్యం దాన్లోనే ఉంది. పెట్రోల్ టర్బో షాఫ్ట్ నిమిషానికి లక్ష చుట్ల పైనే తిరుగుతుంది, ఒకపక్క ఎర్రగా కాలే ఎగ్జాస్ట్ వేడి, షాఫ్ట్‌ని నిలబెట్టేది పల్చని ఆయిల్ పొర మాత్రమే. ఆయిల్ అందకపోయినా, మాడి గట్టిపడినా బేరింగ్ అరిగి షాఫ్ట్ ఊగి, సీలు దాటి ఆయిల్ లోపలికి పోయి కాలుతుంది, మీరు చూసిన నీలం పొగ అట్టా కూడా వస్తుంది. కానీ నిజంగా ఆయిలే చెడ్డదైతే సాధారణంగా దెబ్బ టర్బో ఒక్కదానికే ఆగదు, మూత కింద మడ్డి, క్రాంక్ బేరింగుల మీద గీతలు, క్యామ్ దగ్గర అరుగుదల, ఏదో ఒకటి కనపడాలి. ఇంజన్ మిగతాదంతా శుభ్రంగా ఉండి టర్బో ఒక్కటే పోతే వాళ్ల వాదన బలహీనం. టర్బోకి ఆయిల్ తెచ్చే సన్న పైపు మూసుకుపోయిందా, కంప్రెసర్ రెక్కలు ఏదన్నా తగిలి వంగినాయా అనేవి కూడా చూడాలి. అందుకే విప్పేటప్పుడు మీరు ఉండండి, ఫొటోలు వీడియో తీయండి, డ్రెయిన్ చేసిన ఆయిల్ ఒక సీసాలో పట్టి సీల్ వేయించండి, ఈసీయూలో, అంటే ఇంజన్‌ని నడిపే కంప్యూటర్‌లో ఉన్న ఫాల్ట్ కోడ్లు చెరిపేయకముందే ప్రింట్ తీయించండి. టర్బో గాలి ఒత్తిడి తగ్గిందని చెప్పే పీ0299 లాంటి అండర్‌బూస్ట్ కోడ్ ఉంటే దాంతోపాటు ఆ క్షణానికి ఇంజన్ ఏ పరిస్థితిలో ఉందో కూడా రికార్డయి ఉంటుంది. పాత టర్బో మాత్రం స్క్రాప్‌కి పోనివ్వొద్దు, అది పోతే మీ కేసు సగం పోయినట్టే.

చట్టం సంగతి. 2014 ఆగస్టు 25న, మార్కెట్‌లో పోటీ సక్రమంగా ఉండేట్టు చూసే కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 14 కార్ల కంపెనీల మీద ఇచ్చిన ఆర్డర్‌లో, బయట గ్యారేజీకి పోయినంత మాత్రాన వారంటీ మొత్తం రద్దంటూ కండిషన్ పెట్టకూడదని, బయట చేసిన తప్పుడు పని వల్ల జరిగిన డ్యామేజ్ మేరకే రద్దు చేసుకోవచ్చని చెప్పింది. దాని మీద అప్పీళ్లు నడిచాయి, పైగా అది పోటీ చట్టం కింద వచ్చిన ఆర్డర్, దాన్నొక్కదాన్నే పట్టుకుని గెలుస్తామనుకోవద్దు. కానీ లీగల్ నోటీసులో తప్పకుండా రాయించండి, ఆ మాటలో న్యాయం ఉంది.

మీ వైపు లోటు కూడా చెప్తా. మెకానిక్ బిల్లు ఉందా? దాన్లో ఆయిల్ గ్రేడ్ ఉందా? మాన్యువల్‌లో జీరో డబ్ల్యూ ట్వంటీ అనే పల్చటి గ్రేడ్ ఉంటే ఆయన చిక్కటి పాత గ్రేడ్ పోసుంటే మనకి ఇబ్బందే. సరైన గ్రేడే పోసుంటే ఆయన దగ్గర అఫిడవిట్ తీసుకోండి. పికప్ కోసం ట్యూనింగ్ బాక్స్ పెట్టడం, ఈసీయూ రీమ్యాప్ లాంటివి చేయించుంటే మీ లాయర్‌కి దాచకుండా చెప్పండి, అవతలోళ్లు ఎట్టా అయినా బయటకి తీస్తారు.

కొత్త బండి మీద ఆశ పెట్టుకోవద్దు. మారుతీ ఉద్యోగ్ కేసులో 2006లో సుప్రీంకోర్టు, వారంటీ కింద కంపెనీ బాధ్యత పాడైన పార్టు రిపేరు చెయ్యడం లేదా మార్చడం వరకే అని చెప్పింది. అందుకని టర్బో ఉచితంగా మార్చాలి, లేదా కట్టిన డబ్బు వడ్డీతో ఇవ్వాలి, బండి ఆగిన కాలానికి నష్టపరిహారం, ఖర్చులు, ఇవి అడగండి. ఇంకో మాట, 2019 వినియోగదారుల చట్టంలో ప్రొడక్ట్ లయబిలిటీ అని పెద్ద చాప్టరే ఉంది గానీ వస్తువుకే జరిగిన నష్టం దాన్లోకి రాదు, కాబట్టి ఫిర్యాదుని వస్తువులో లోపం, సేవాలోపం కిందే రాయించండి.

కేసు నెల్లూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వెయ్యొచ్చు. సెక్షన్ 34 ప్రకారం ఫిర్యాదుదారు నివాసం ఉండే చోట వేసుకోవచ్చు, కంపెనీ ఏ రాష్ట్రంలో ఉన్నా మీరు అక్కడికి పోనక్కర్లా. చెల్లించిన ధర 50 లక్షల లోపు కాబట్టి జిల్లా కమిషనే, 10 నుంచి 20 లక్షల మధ్య కాబట్టి ఫీజు 400 రూపాయలు. ఆన్‌లైన్‌లో ఈ-జాగృతి పోర్టల్లో కూడా వెయ్యొచ్చు. ముందుగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేస్తే కొన్నిసార్లు కంపెనీ అక్కడే దిగొస్తుంది, ప్రయత్నిస్తే పోయేదేం లేదు.

ఇన్వాయిస్, ఆర్సీ మీ ఆవిడ పేరు మీద ఉన్నాయి కాబట్టి ఫిర్యాదుదారు ఆవిడే కావాలి. చెరువుల కాడికి తిరుగుతుంది కాబట్టి కమర్షియల్ వాడకం, మీరు వినియోగదారులే కారు అని వాళ్లు ఎత్తుకోవచ్చు. సొంత బతుకుతెరువు కోసం స్వయంఉపాధిగా వాడుకుంటే చట్టం దాన్ని వ్యాపారం కింద లెక్కెయ్యదు, పైగా ఇది కుటుంబం వాడే బండి. అద్దెకి తిప్పుతుంటే మాత్రం లెక్క మారుతుంది.

బండి లేకుండా పనులు ఆగిపోతుంటే, 'అభ్యంతరంతో చెల్లిస్తున్నాం, వారంటీ హక్కు వదులుకోలేదు' అని మెయిల్ పెట్టి కట్టి రిపేరు చేయించుకోండి. అంతకుముందు పాలిటెక్నిక్ లేదా ఇంజనీరింగ్ కాలేజీ మెకానికల్ డిపార్ట్‌మెంట్ నుంచి ఎవరినైనా తెచ్చి చూపించి రిపోర్టు తీసుకోండి, వాళ్లొచ్చే తేదీ షోరూముకి ముందే మెయిల్లో చెప్పండి. డెలివరీ రోజు 'పూర్తి సంతృప్తి, ఇక ఏ క్లెయిమూ లేదు' అని ముందే ప్రింటయిన కాగితం ఇస్తారు, దాని మీద ఆవిడ చేత సంతకం పెట్టించేముందు అభ్యంతరం చేత్తో రాయించి, ఆ పేజీ ఫొటో తీసుకోండి.